శివారు ఇల్లా, ఆఫీసు పక్క ఫ్లాటా?

ప్రశ్న: మావారికి వేరే నగరంలో ఉద్యోగం వచ్చింది. మూడు నెలల్లో చేరాలి. బాబుకు 14 ఏళ్ళు, పాపకు 7. ఈ స్కూలు సంవత్సరం ముగియడానికి ఇంకా ఐదు నెలలుంది. నేను అకౌంట్స్ పని చేస్తాను. ఎక్కువగా ఇంటినుంచే, కానీ అక్కడికి వెళ్ళాక వారానికి రెండు రోజులు మా కంపెనీ బ్రాంచికి వెళ్ళాలి. మామగారికి 74 ఏళ్ళు, గుండెకు స్టెంట్ వేశారు. ఆయన మాతోనే ఉంటారు. మావారి ఆఫీసు పక్కనే రెండు పడకగదుల ఫ్లాటు దొరికింది. అదే అద్దెకు శివార్లలో మూడు పడకగదుల ఇల్లు, చుట్టూ ఖాళీ జాగాతో దొరికింది. అక్కడినుంచి ఆఫీసుకు గంటా పది నిమిషాలు. మావారికి శివారు ఇల్లు బాగా నచ్చింది, వీలైతే కొనేద్దామంటున్నారు. నాకేమీ తోచడం లేదు. ఏది మంచిది?

సమాధానం: ఆ రెండింట్లో ఏదీ ఇప్పుడే ఖాయం చేసుకోకండి. మొదటి ఏడాది అద్దెకే ఉండండి. ఇంటి కోసం వెతుకులాట మీవారి ఆఫీసు దగ్గర కాకుండా బాబు స్కూలు దగ్గర మొదలుపెట్టండి.

ఎందుకంటే కొత్త ఊరిలో అందరికీ సర్దుకునే వీలు ఒకేలా ఉండదు. మీవారు ఒక గంట ముందు బయలుదేరగలరు, దారి మార్చగలరు, అవసరమైతే రెండేళ్ళకు ఉద్యోగమే మార్చగలరు. పద్నాలుగేళ్ళ అబ్బాయి ఏటా స్కూలు మారలేడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి రోజూ అరగంట ఆటోలో కూర్చోలేరు. ఎవరికి సర్దుకునే వీలు తక్కువో వాళ్ళ రోజును ముందు ఖాయం చేసి, మిగతావాళ్ళ ప్రయాణాలను దాని చుట్టూ అల్లుకోవాలి. చాలా కుటుంబాలు దీన్ని తిరగేసి చేస్తాయి. ఆఫీసు చూసి ఇల్లు, ఇల్లు చూసి స్కూలు. చివరికి స్కూల్లో సీటు లేక, పిల్లవాడు రోజుకు రెండు గంటలు బస్సులో గడుపుతాడు.

పిల్లల వయసు గురించి ఒక గట్టి ఆధారం ఉంది. అమెరికాలో 1994 నుంచి 1998 వరకు ఐదు పెద్ద నగరాల్లో ఒక ప్రభుత్వ ప్రయోగం జరిగింది. బాగా పేద బస్తీల్లో ఉన్న కుటుంబాలను లాటరీ వేసి, కొందరికి మెరుగైన ప్రాంతాలకు మారడానికి అద్దె సాయం ఇచ్చారు. ఆర్థికవేత్తలు రాజ్ చెట్టి, నథానియల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ ఆ పిల్లలు పెద్దయ్యాక లెక్క చూసి 2016లో ప్రచురించారు. 13 ఏళ్ళు నిండకముందే మారినవాళ్ళు ఇరవైల నడిమి వయసులో, మారనివాళ్ళకంటే 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. పదమూడు దాటాక మారినవాళ్ళకు ఆ లాభం లేదు సరికదా, కొంచెం నష్టమే కనిపించింది. మంచి పరిసరాల్లో గడిపే ఏళ్ళు తక్కువ పడటం, స్నేహితులూ స్కూలూ తెగిపోవడం అందుకు కారణాలు కావచ్చని వాళ్ళు భావించారు. మీ కుటుంబ పరిస్థితి అది కాదు కాబట్టి ఆ అంకెల్ని మీకు అతికించుకోవద్దు. కానీ అందులోంచి తీసుకోవాల్సింది ఒకటుంది. ఏడేళ్ళ పాపకు మంచి చోటు ఎంత తొందరగా దొరికితే అంత మేలు. బాబు విషయంలో మాత్రం చోటు ఎంత బాగున్నా, మార్పిడి ఎలా జరుగుతుందన్నదే ముఖ్యం.

అందుకే మీవారిని ముందు ఒంటరిగా పంపండి. ఉద్యోగంలో చేరేది మూడో నెలలో, స్కూలు ముగిసేది ఐదో నెలలో. మధ్యలో ఉన్నది రెండు నెలలే. ఆయన ఆఫీసుకు దగ్గరలో ఒక గదిలో ఉండి, ఆ ఎనిమిది వారాలూ ఊరిని చూసిపెడతారు. రెండు చోట్ల ఖర్చు భారమే, కాదనం. కానీ చదువు మధ్యలో బాబును తెంచుకెళ్ళి, తప్పు చోట ఏడాది లీజుకు ఇరుక్కోవడంతో పోలిస్తే అది చిన్న ఖర్చు. తాత్కాలిక వసతికి కంపెనీ డబ్బిస్తుందేమో అడగండి. కొత్తగా చేరేవాళ్ళకు 30 నుంచి 60 రోజుల వసతి ఇచ్చే కంపెనీలు చాలానే ఉన్నాయి. అడగనివాళ్ళకు చెప్పకపోవడమూ మామూలే.

స్కూలు సంగతి. సీటు ఉందని ఫోన్లో చెప్పే మాటను నమ్మి అద్దె అడ్వాన్సు కట్టొద్దు. రాతపూర్వకంగా తీసుకోండి, ఈమెయిల్ అయినా చాలు. బాబు తరగతిలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, గణితంలోనూ సైన్సులోనూ ఏ పాఠం దాకా చెప్పారు, రెండో భాషగా ఏముంది అని అడగండి. ఊరు మారిన పిల్లలు మొదటి ఆరు నెలలు తడబడేది ఎక్కువగా ఈ రెండో భాష దగ్గరే. కొత్త స్కూల్లో అది లేకపోతే మినహాయింపు ఇస్తారా, మొదటినుంచి నేర్చుకోవాలా అన్నది ముందే తేల్చుకోవాలి. ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్, గత రెండేళ్ళ మార్కుల పత్రాలు, టీకాల కార్డు, పుట్టిన తేదీ ధ్రువపత్రం అసలువీ నకళ్ళూ ఒక ఫైల్లో పెట్టి మీ చేతిసంచిలో ఉంచుకోండి. సామాన్ల లారీలో వేస్తే, అవి కావలసిన రోజున ఏదో ఒక పెట్టె అడుగున ఉంటాయి. ఇంకొకటి: అడ్రసును బట్టి సీటిచ్చే స్కూళ్ళుంటే, సరిహద్దు ఏ వీధిదాకా అన్నది స్కూలు ఆఫీసులోనే అడగాలి. బ్రోకరు చెప్పిన సరిహద్దు సరిహద్దు కాదు.

ఇక ప్రయాణం. మీ ఉత్తరంలో మమ్మల్ని ఆపేసిన అంకె ఆ గంటా పది నిమిషాలు. అరగంట దూరంలో ఇల్లు దొరికితే రోజుకు 80 నిమిషాలు మిగులుతాయి. వారానికి ఐదు రోజులు, ఏడాదికి 46 వారాలు లెక్కేస్తే 300 గంటల పైమాటే. ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే 38 రోజులు. మీవారు ఏటా 38 పనిదినాలు జీతం లేకుండా, పిల్లల దగ్గర లేకుండా గడుపుతారన్నమాట.

పెద్ద ఇల్లు ఆ లోటు తీరుస్తుందని అందరూ అనుకుంటారు. బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్జర్ అనే ఆర్థికవేత్తలు జర్మనీలో ఏళ్ళ తరబడి జరిగిన కుటుంబ సర్వేలను తీసుకుని సరిగ్గా ఇదే ప్రశ్న వేశారు. దూరం తిరిగేవాళ్ళకు జీతంలోనో, ఇంట్లోనో దక్కాల్సిన సౌఖ్యం ఆ దూరాన్ని పూడుస్తోందా? పూడ్చడం లేదు. ప్రయాణం ఎంత ఎక్కువైతే జీవితంపై తృప్తి అంత తక్కువగా చెప్పారు. టెక్సస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది మహిళలతో వాళ్ళ రోజును పనివారీగా రాయించిన 2004 నాటి మరో అధ్యయనంలో, మనసుకు అన్నిటికంటే తక్కువ ఆనందమిచ్చిన సమయంగా తేలింది పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళే సమయమే. దీనికి కారణం ఊహించగలం. గదులకు మనిషి కొన్నాళ్ళకే అలవాటు పడతాడు, ఆ తర్వాత మూడో పడకగది ఉందన్న సంగతే పట్టదు. ట్రాఫిక్‌కు అలా అలవాటు పడలేం, అది రోజుకో తీరుగా విసిగిస్తుంది కాబట్టి. రానూపోనూ కలిపి రోజుకు సుమారు గంట అన్నది యుగాలు, వాహనాలు మారినా మనుషులు పెద్దగా మార్చుకోని కొలత అని ఇటలీ శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాశారు. మీకూ అదే గీత పెట్టుకోమంటాం: ఇంటి గుమ్మం నుంచి పనిచేసే కుర్చీదాకా ఒక వైపు 30 నిమిషాలైతే మంచిది, 45 దాటితే వద్దు.

గుమ్మం నుంచి కుర్చీదాకా అన్న మాట గమనించండి. ఫోన్లోని మ్యాపు చూపేది రోడ్డు మీది సమయం మాత్రమే. లిఫ్టు కోసం ఆగడం, బండి తీయడం, పార్కింగు వెతకడం, ఆఫీసు గేటు దగ్గర తనిఖీ కలిపితే ఇంకో పది, పదిహేను నిమిషాలు. మ్యాపులో ఎన్నింటికి చేరాలో పెట్టుకునే వీలుంటుంది. మంగళవారమో బుధవారమో పెట్టి, పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకు చేరేలా ఒకసారి, సాయంత్రం ఆరింటికి బయలుదేరేలా ఒకసారి చూడండి. ఆదివారం మధ్యాహ్నం చూసిన సమయం దేనికీ పనికిరాదు. అది 35 నుంచి 70 నిమిషాలు అని చూపిస్తే సగటు తీసుకోవద్దు. ఆలస్యం కాకూడనివాళ్ళు రోజూ 70 నిమిషాలు ముందే బయలుదేరాలి, కాబట్టి మీ ప్రయాణం 70 నిమిషాలే. ఈ కారణంగానే, కొంచెం నిదానమైనా సమయం తప్పని రైలు మార్గం, ఒకరోజు తేలిగ్గా ఒకరోజు నరకంగా ఉండే రోడ్డుకంటే మేలు. రైలుకో బస్సుకో వెళ్ళేటట్లయితే ఎంత దూరం అన్నదానికంటే ఎంతసేపటికొకటి అన్నది చూడండి. అరగంటకొక బస్సుంటే సగటున పావుగంట నిరీక్షణ, ఒకటి తప్పితే అరగంట పోయినట్టే. పది నిమిషాలకొకటుంటే టైమ్‌టేబుల్ చూడాల్సిన పనే లేదు. రాత్రి చివరి బండి ఎన్నింటికి, మధ్యలో ఎన్నిసార్లు మారాలి అన్నవీ రాసుకోండి. రెండుసార్లు మారే దారి కాగితం మీద బాగానే ఉంటుంది, వర్షాకాలంలో తెలుస్తుంది.

మీ రెండు రోజుల ఆఫీసు గురించి మీరు ఉత్తరంలో ఒక్క వాక్యమే రాశారు, పిల్లలూ మామగారూ అయ్యాక మీ సంగతి అన్నట్టుగా. దయచేసి మ్యాపులో మీ బ్రాంచికీ ఒక గుర్తు పెట్టండి. ఇలాంటి మార్పిడుల్లో రెండో సంపాదన చేజారిపోయే తీరు ఒకటే. ఇల్లు ఒకరి ఆఫీసును బట్టి తీసుకుంటారు, పిల్లలను దింపడమూ తీసుకురావడమూ రెండోవాళ్ళ మీద పడతాయి, ఆరు నెలలయ్యేసరికి ఆ ఉద్యోగం సాగదు. మీరు ఆఫీసుకు వెళ్ళే రెండు రోజుల్లో పాపను ఎవరు తెస్తారు, మామగారికి ఒంట్లో బాగోకపోతే ముందు ఎవరు చేరగలరు? ఈ రెండు ప్రశ్నలకు పేర్లతో జవాబు రాని ఇల్లు పక్కన పెట్టేయండి.

ఇప్పుడు మ్యాపు తెరవండి. సీటు రాతపూర్వకంగా ఇచ్చిన స్కూళ్ళు రెండు మూడు, మీవారి ఆఫీసు, మీ బ్రాంచి, మంచి ఆసుపత్రి గుర్తు పెట్టండి. స్కూలు చుట్టూ కిలోమీటరు గీయండి. బాబు పన్నెండు, పదమూడు నిమిషాల్లో నడిచిపోగల దూరం అది. ఆ వయసులో తనంతట తాను స్కూలుకూ ఆటస్థలానికీ వెళ్ళిరాగలిగితే, కొత్త స్నేహాలు కుదిరే వేగమే వేరు. ఎవరో ఒకరు బండి మీద దింపితే తప్ప కదలలేని చోట అతను గదిలోనే ఉండిపోతాడు. శివారు ఇంటి మీద మా అసలు అభ్యంతరం ఇదే. ఆ గీతల్లో మీ ఇద్దరికీ 45 నిమిషాలు దాటని భాగం ఏదో, మీరు వెతకాల్సిన చోటు అదే. ఒకవేళ అలాంటి చోటు రెండు మూడుంటే, ఒకటికంటే ఎక్కువ ఉద్యోగ ప్రాంతాలకు దారి ఉన్న కూడలివైపు మొగ్గండి. ఈ కంపెనీ కుదరకపోయినా ఇల్లు మారాల్సిన పని రాదు.

మామగారి విషయంలో ఆసుపత్రి ఎంత దగ్గరన్నదొకటే చాలదు. గుండెపోటు వచ్చినప్పుడు మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే క్యాథ్‌ల్యాబ్ అక్కడ రాత్రీ పగలూ నడుస్తుందా అని అడగాలి. చికిత్స మార్గదర్శకాలు గంటన్నర, రెండు గంటల లెక్కలో మాట్లాడతాయి. ఆ లెక్క వైద్య సిబ్బంది రోగిని చూసిన దగ్గర్నుంచే మొదలవుతుంది. ఇంట్లో గుర్తించే సమయం, వాహనం వచ్చే సమయం దానికి అదనం. రద్దీ వేళ ఇరవై నిమిషాల్లో చేరగల చోటు వెతకండి. ఇప్పటి డాక్టరు దగ్గర డిశ్చార్జి సమ్మరీ, స్టెంట్ కార్డు, మందుల చీటీ నకళ్ళు తీసుకుని, కనీసం ఆరు వారాలకు సరిపడా మందులు వెంట పెట్టుకోండి. కొత్త డాక్టరు అపాయింట్‌మెంటు మీరనుకున్నంత తొందరగా దొరక్కపోవచ్చు. ఇంట్లోనైతే లిఫ్టుకు కరెంటు పోయినా నడిచే ఏర్పాటుండాలి, లేదా ఇల్లు కిందనే ఉండాలి. బాత్రూము గడప ఎత్తు చూడండి. మరొకటి తేలిగ్గా తీసేయకండి: ఆయన భాషలో మాట్లాడే, ఆయన ఈడు మనుషులు సాయంత్రం కూర్చునే చోటు నడక దూరంలో ఉండాలి. ఊరు మారిన పెద్దవాళ్ళను కుంగదీసేది జబ్బుకంటే ఎక్కువగా పలకరింపు లేకపోవడమే.

అద్దె జీతంలో 30 శాతం దాటకూడదన్న మాట మీరు వినే ఉంటారు. ఆ సంఖ్య అమెరికా ప్రభుత్వ గృహాల్లో ఉండేవాళ్ళ అద్దెకు పెట్టిన పరిమితి నుంచి ప్రచారంలోకి వచ్చింది. 1969లో 25 శాతం, 1981లో 30 అయింది. అందులో ప్రయాణ ఖర్చు ఊసే లేదు. అందుకే అద్దెనూ ప్రయాణాన్నీ కలిపి 45 శాతం లోపు చూసుకోమనే లెక్క మాకు నచ్చుతుంది. మీ రెండిళ్ళ అద్దె ఒకటే అన్నారు. కానీ శివారు ఇంటికి రెండో వాహనం, దాని బీమా, మరమ్మతులు, ఇంధనం, స్కూలు బస్సు కలపండి. ఆ మొత్తంతో మధ్యలో ఉన్న చోట ఇంకాస్త మంచి ఇల్లే దొరకొచ్చు.

ఖాళీ జాగా, చల్లగాలి మనసును లాగుతాయి, అది సహజం. డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానెమన్ 1998లో అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాల్లోనూ కాలిఫోర్నియాలోనూ విద్యార్థులను అడిగితే, ఎండా గాలీ బాగుండే కాలిఫోర్నియావాళ్ళే ఎక్కువ సంతోషంగా ఉంటారని రెండు చోట్లవాళ్ళూ ఊహించారు. తమ జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారని అడిగితే మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకే జవాబు వచ్చింది. పోలుస్తున్నప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించే తేడా, అక్కడ ఉంటున్నప్పుడు అంత బరువు తూగదు. చుట్టాల కోసం మూడో పడకగది కూడా అలాంటిదే. ఏడాదిలో ఎన్ని రాత్రులు నిండుతుందో లెక్కేసి చూడండి.

ఒక్కో ఇంటిని కనీసం మూడు వేళల్లో చూడాలి: పనిదినం పొద్దున ఎనిమిదింటికి, రాత్రి పదింటికి, వీలైతే వాన పడ్డ మర్నాడు. మీవారు ముందే అక్కడ ఉంటారు కాబట్టి ఇది ఆయన పని. వంటింట్లోనూ బాత్రూములోనూ కుళాయిలు ఒకేసారి తిప్పి ధార చూడమనండి. ప్రతి గదిలో నిలబడి ఒక ఫోన్ చేయమనండి, మీ పని ఇంటినుంచే కాబట్టి ఇది తప్పనిసరి. గోడ అడుగున సమంగా అడ్డంగా సాగిన మరక ఉన్నా, మోకాలి ఎత్తుదాకా మాత్రమే కొత్త రంగు వేసి ఉన్నా నీళ్ళు చేరిన గుర్తు కావచ్చు. నీళ్ళ సంగతి ఓనరును కాదు, కింది అంతస్తువాళ్ళను అడగండి. పెద్ద రోడ్డు పక్క ఇల్లు వద్దు. వాహనాల పొగలోని మసి, అతి సన్న రేణువులు మొదటి 150, 200 మీటర్లలోనే బాగా తగ్గిపోతాయి. శబ్దం అలా కాదు, దూరం రెట్టింపైతే తగ్గేది 3 డెసిబెల్సే. అందుకే రోడ్డుకు ఇంకొంచెం దూరం జరగడంకంటే మధ్యలో మరో భవనం అడ్డుండటం ఎక్కువ పనిచేస్తుంది. రోడ్డు శబ్దం రోజు మొత్తానికి 53 డెసిబెల్స్, రాత్రిపూట 45 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కోసం 2018లో ఇచ్చిన సూచన. ఫోన్ యాప్ కొలత అంత కచ్చితం కాదు గానీ, రెండు ఇళ్ళను పోల్చుకోవడానికి సరిపోతుంది.

లీజులో రెండు షరతులు రాయించుకోండి. ఉద్యోగం పోయినా బదిలీ అయినా ఆరు నెలల తర్వాత, ఒకటి రెండు నెలల నోటీసుతో ఖాళీ చేసే వీలు. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఏ ఖర్చులు మాత్రమే తగ్గించుకుంటారు అన్నది. చేరిన రోజే ప్రతి గదినీ, మీటరు అంకెలనూ ఫోటోలు తీసి ఓనరుకు పంపండి. చూడని ఇంటికి డబ్బు పంపొద్దు. అద్దె చుట్టుపక్కలకంటే బాగా తక్కువగా ఉండి, ఓనరు విదేశంలో ఉన్నానని, అడ్వాన్సు వేస్తే తాళం కొరియర్ చేస్తానని అంటే అది మోసమే.

కొనడం గురించి మీవారితో ఈ లెక్క వేసి మాట్లాడండి. ఉదాహరణకు రిజిస్ట్రేషన్, బ్రోకరు, లోన్ ఖర్చులు, మళ్ళీ అమ్మేటప్పటి ఖర్చులు కలిపి ధరలో 10 శాతం అనుకుందాం. ఇంటి ధర ఏటా 3 శాతం పెరిగితే, ఆ ఖర్చు రాబట్టుకోవడానికే మూడేళ్ళు దాటుతుంది, వడ్డీ సంగతి పక్కన పెట్టినా. ప్రొబేషన్ కూడా పూర్తికాని ఉద్యోగం మీద అంత పందెం అనవసరం. ఎప్పుడు కొన్నా ముంపు సంగతి తేల్చుకోండి. వందేళ్ళకోసారి వచ్చే వరద అంటే మన కాలంలో రాదని అర్థం కాదు, ఏటా 1 శాతం అవకాశమని. ముప్ఫై ఏళ్ళ లోన్ తీరేలోపు అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం.

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు మీవారు అడగాల్సినవి కూడా రాసి ఇవ్వండి. సామాన్ల రవాణా, బ్రోకరేజీ, ఇల్లు చూసుకోవడానికి ఒకసారి రానూపోనూ ఖర్చు ఇస్తారా? ఆ డబ్బు మీద పన్ను పడుతుందా, పడితే ఎవరు కడతారు? ఏడాదిలోపో రెండేళ్ళలోపో మానేస్తే అదంతా తిరిగి కట్టాలన్న షరతు ఉందా? ఉంటే, కంపెనీయే తీసేసినప్పుడు అది వర్తించదని రాయించుకోవాలి. ఇవన్నీ సంతకానికి ముందు అడిగితే తేలిగ్గా ఒప్పుకుంటారు, తర్వాత అడిగితే ఒప్పుకోరు.

ఆ ఊరు చేరాక, ఎవరికి ఏ రోజు ఎంతసేపు పట్టిందో, మామగారు ఎన్ని సాయంత్రాలు బయటికి వెళ్ళారో, బాబు స్నేహితుల ఇళ్ళు ఎటువైపున్నాయో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోండి. లీజు పొడిగించేదీ లేనిదీ తొమ్మిదో నెలలో నిర్ణయించాల్సి వస్తుంది. అప్పటికీ మీవారికి శివారు ఇంటి మీద మనసుంటే, ఆ నోట్‌బుక్ ముందేసుకుని ఇంట్లో అందరూ కూర్చోండి. పాప మాట కూడా వినండి.